భుజం సంగతి

ఫోన్ మోగేసరికి కర్ట్ నొవాట్నీ చేతిలో సగం తిన్న శాండ్‌విచ్ ఉంది. తెర మీద పేరు చూడగానే దాన్ని పక్కన పెట్టేశాడు.

హెలెన్ ట్రాస్క్. హార్విక్ కాలేజీ ఈత జట్టు కోచ్.

జులై నెల. పిల్లలకు ఈత నేర్పి కాలేజీలకు పంపే ప్రతి క్లబ్బులోనూ అందరూ ఊపిరి బిగబట్టుకుని తిరిగే నెల అది. హార్విక్ లాంటి చోట సీటు దొరకడం మామూలు విషయం కాదు. అందుకే అక్కడి కోచ్‌లు తమకు నచ్చిన పిల్లల మార్కులను ముందుగానే అడ్మిషన్ ఆఫీసుకు చూపిస్తారు. 'ఈ పిల్ల కావాలని నేను అడిగితే మీరు చేర్చుకుంటారా' అని వాకబు చేస్తారు. ఆఫీసు తల ఊపితే సగం పని అయినట్టే. మిగతా సగం కోచ్ చేతిలో ఉంటుంది.

"మీ ఇద్దరమ్మాయిల మార్కులూ చూశారు కర్ట్," అంది ట్రాస్క్, పలకరింపుల జోలికి పోకుండా. "ఇద్దరికీ సరేనన్నారు."

"ఇద్దరికీనా?"

"అప్పుడే సంబరపడకు. నా దగ్గరున్నది ఒక్క చోటు. ఈ ఏడాది నాకు వెల్లకిలా ఈదే పిల్ల ఒక్కతే కావాలి."

కర్ట్ తలెత్తి గాజు గోడలోంచి చూశాడు. ఆఫీసు గదికీ కొలనుకీ మధ్య ఆ గాజు ఒక్కటే అడ్డం. నాలుగో లేన్‌లో జోసీ కెర్విన్ వెల్లకిలా ఈదుతోంది. ఐదో లేన్‌లో మారెన్. మారెన్ అతని కూతురు.

"మొహమాటం లేకుండా అడుగుతా," అంది ట్రాస్క్. "ఒకరు నీ సొంత పిల్ల. అయినా నిన్నే అడుగుతున్నా. ఎందుకో నీకు తెలుసు."

తెలుసు. ఇరవై ఏళ్ళలో కర్ట్ ఏ పిల్లవాడి గురించీ రవ్వంత ఎక్కువ చేసి చెప్పలేదు. ఒకసారి తన దగ్గరున్న అందరికంటే వేగమైన కుర్రాడి గురించి "వాడికి బద్ధకం, చెప్పి చేయించుకోవాలి" అనేశాడు. ఆ కుర్రాడికి సీటు పోయింది, వాళ్ళ కుటుంబం క్లబ్బు వదిలేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి దేశంలో ఏ మూల కోచ్ అయినా కర్ట్ మాటని కళ్ళు మూసుకుని నమ్మాడు. అతని దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలకు అంతకు మించిన సిఫారసు లేదు.

"జోసీ ఏప్రిల్ పోటీలకు రాలేదు. భుజం నొప్పని విన్నాను. అసలేంటి ఆ భుజం సంగతి?"

సంగతేమీ లేదు. ఒక రాత్రి వంకరగా పడుకుంది. డాక్టరు చూసి నవ్వి పంపేశాడు. రెండు వారాలు కర్టే బలవంతంగా ఆపాడు, ముందు జాగ్రత్తగా. ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క ముక్క. బాగుంది.

అతను ఆ ముక్క అనలేదు. నాలుగో లేన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

జోసీ పద్నాలుగేళ్ళప్పుడు వచ్చింది. అంతకు ముందు వేసవి సెలవుల్లో సరదాగా ఈదడం తప్ప ఏమీ తెలియదు. ఇప్పటికీ మలుపు దగ్గర తడబడుతుంది, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో మరిచిపోతుంది. అయినా మారెన్‌తో సమానంగా వస్తుంది, ఒక్కోసారి ముందుంటుంది. ఆ తప్పులన్నీ దిద్దితే ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు.

మారెన్ ఈతలో దిద్దడానికేమీ లేదు. ఏడేళ్ళ వయసు నుంచి రోజూ తెల్లవారకముందే లేపి, కారులో నిద్రమొహంతోనే కూర్చోబెట్టి తెచ్చి, ఒక్కో కదలికనీ అతనే చెక్కాడు. ఇక అందులో మిగిలింది లేదు. ఆ సంగతీ అతనికి తెలుసు. 'బాగుంది' అంటే ట్రాస్క్ తర్వాతి ప్రశ్న అదే. ఇద్దరిలో ఇంకా ఎవరు ఎదుగుతారు?

"కర్ట్? ఉన్నావా?"

"అది వాళ్ళమ్మనే అడిగితే బాగుంటుంది హెలెన్," అన్నాడు.

అవతల ట్రాస్క్ కలం కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

బయటివాళ్ళెవరైనా విని ఉంటే ఆ మాటలో తప్పు పట్టలేరు. కానీ ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ ఆ మాట విన్నాక తల్లిని అడగరు. ఏ తల్లయినా బాగానే ఉందనే చెబుతుంది. క్లబ్బు కోచ్ 'వాళ్ళింట్లో అడగండి' అన్నాడంటే దానికి ఒకటే అర్థం. నాకు అబద్ధం చెప్పాలని లేదు, నా నోటితో చెప్పించకండి అని.

"అర్థమైంది," అంది ట్రాస్క్ మెత్తగా. "ఇరకాటంలో పెట్టాను, ఏమీ అనుకోకు. ఇంకొకరైతే దాచేవాళ్ళు."

ఫోన్ పెట్టేసింది. కర్ట్ మిగిలిన శాండ్‌విచ్‌ని చెత్తబుట్టలో పడేశాడు.

గాజుకి అవతల జోసీ గోడ ముట్టుకుని, ఈత కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. అతను చూస్తున్నాడని గమనించి సిపాయిలా సెల్యూట్ కొట్టింది. కర్ట్ కూడా చెయ్యెత్తాడు.

*

ఆగస్టు మధ్యకి వచ్చేసరికి ట్రాస్క్ నుంచి జోసీకి కబుర్లు ఆగిపోయాయి.

ప్రాక్టీసు అయ్యాక ఇద్దరమ్మాయిలూ ఎప్పటిలాగే గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడిస్తున్నారు. కర్ట్ వాళ్ళ వెనకాల లేన్ల మధ్య కట్టే తాళ్ళు చుడుతున్నాడు.

"నీకు మెసేజ్ వచ్చింది కదూ?" అంది జోసీ.

"ఏ మెసేజ్?"

"నటించకు. నవ్వు ఆపుకోలేక దవడలు లాగేస్తున్నట్టున్నాయి నీకు."

మారెన్ నవ్వేసింది. "సెప్టెంబరులో వచ్చి కాలేజీ చూసి పొమ్మంది. నిన్నూ పిలుస్తుందిలే. ఒకేసారి ఇద్దర్నీ పిలిస్తే నీ గురకకి హాస్టల్ ఖాళీ అవుతుందని భయపడి ఉంటుంది."

"నేను గురక పెట్టను. నువ్వే నిద్రలో 'మలుపు, తన్ను, మలుపు, తన్ను' అని కలవరిస్తావు. మొన్న పోటీలకి వెళ్ళినప్పుడు మంచం మీద నుంచి నన్ను తన్నావు కూడా."

"అది నిద్రలో కాదు."

జోసీ ఆమెని మోచేత్తో పొడిచి, వెనక్కి తిరిగింది. "కోచ్, ఒక్కటి అడగనా? ట్రాస్క్ ఇదివరకు తరచూ రాసేది. ఇప్పుడు నేను రాసినా జవాబు లేదు. నేనేమైనా తిక్కగా మాట్లాడి ఉంటానా? పోయినసారి ఫోన్‌లో మాట్లాడుతుంటే మా కుక్క ఒకటే మొరిగింది."

"కుక్క మొరిగిందని ఎవరూ మానుకోరు."

"మరి?"

"ఈ నెల వాళ్ళకి ఊపిరి సలపదు జోసీ. చూద్దాం."

"మీరొకసారి మాట్లాడతారా? మీ మాటంటే ఆవిడకి గురి అట కదా, మారెన్ చెప్పింది."

"మాట్లాడతాను," అన్నాడు కర్ట్, తాడు చుట్టడం ఆపకుండా.

"ఈలోగా నేనో వీడియో పంపానులెండి. చేతులు ఇలా, బాగా పైనుంచి వచ్చేలా." కూర్చున్న చోటనే రెండు చేతులూ గిర్రున తిప్పి చూపించింది. నీటి చుక్కలు కర్ట్ మొహం మీద పడ్డాయి. ఆ భుజాలు ఎక్కడా పట్టేయకుండా, నూనె రాసిన ఇరుసుల్లా తిరిగాయి.

వీడియోకి జవాబు వచ్చింది. జోసీ ఫోన్ తెచ్చి అతని ముందు పెట్టింది. నీ ఈత చూడ్డం ఎప్పుడూ సంతోషమే, నీకు సరిపోయే చోటు నీకు దొరకాలని కోరుకుంటున్నాను, అని రాసింది ట్రాస్క్.

"ఇది మర్యాదగా వద్దనడమే కదా కోచ్?"

"అవును," అన్నాడు కర్ట్.

ఆ వేసవిలో అతను ఆమెకి చెప్పిన నిజం అదొక్కటే.

తర్వాత హార్విక్ అంత పేరున్న మరో రెండు కాలేజీల కోచ్‌లకి తనే ఫోన్ చేశాడు. ఎన్నడూ లేనిది, ఒక పిల్ల గురించి పొగుడుతూ మాట్లాడాడు. ఇద్దరూ ఒకటే అన్నారు, జూన్‌లో చెప్పి ఉండాల్సిందని. జూన్‌లో జోసీ హార్విక్ తప్ప మరో పేరు ఎత్తనివ్వలేదు.

*

సెప్టెంబరులో మారెన్ హార్విక్ వెళ్ళి వచ్చింది. కర్ట్ విమానాశ్రయం నుంచి కారులో తీసుకొస్తుంటే దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సరస్సు ఒడ్డు రోడ్డు మీద వాళ్ళెప్పుడూ ఆగే ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర ఆపాడు. ఇద్దరూ కారులోనే కప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ ఇంకా తగ్గలేదు.

"ఏమంది ట్రాస్క్?"

"అడ్మిషన్ ఆఫీసుకి నా పేరు ఇస్తానంది. ఆదివారంలోగా అవునో కాదో చెప్పమంది."

కర్ట్ స్టీరింగ్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళ చలి ఉదయాలూ ఒక్కసారిగా వెచ్చబడినట్టనిపించింది.

"ఇంకోటి కూడా అంది. నీ గురించి." మారెన్ చెంచాతో ఐస్‌క్రీమ్‌ని కలుపుతోంది గానీ తినడంలేదు. "మీ నాన్నలాంటి మనిషి మాలో ఇంకొకరు లేరంది. సొంత క్లబ్బు పిల్ల భుజం పాడైతే అది కూడా దాచలేదంది." తల తిప్పి అతని వైపు చూసింది. "జోసీ భుజానికి ఏమైంది నాన్నా?"

"ఏప్రిల్‌లో నొప్పి వచ్చింది కదా."

"తలగడ సరిగ్గా లేక వచ్చింది. అది పోయాక నన్ను ఎన్నిసార్లు ఓడించిందో లెక్క లేదు."

"పాడైందని నేననలేదు."

"మరేమన్నావు?"

"వాళ్ళమ్మని అడగమన్నాను."

మారెన్ కోచ్ కూతురు. ఆ గాజు గది నేల మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, ఇలాంటి ఫోన్ మాటలు వింటూ పెరిగింది. ఆమెకి అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఓహో," అంది. "అలా అన్నావా."

"నీ కోసం—"

"నా పేరు వాడుకోకు."

"ఏడేళ్ళప్పటి నుంచి నువ్వు పడిన కష్టం నాకు తెలుసు మారెన్. నువ్వు పుట్టినరోజులకి వెళ్ళలేదు. స్నేహితుల ఇళ్ళకి వెళ్ళలేదు. మీ అమ్మ వెళ్ళిపోయిన వారం కూడా నీళ్ళలోకి దిగావు. అదంతా ఉత్తదే అయిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"అంటే నేను ఓడిపోతానని నీకు అంత గట్టిగా తెలుసన్నమాట."

కర్ట్ తన కప్పుని పక్కన పెట్టాడు.

"ఫోన్ చెయ్యి," అంది మారెన్. "ఉన్నదున్నట్టు చెప్పు. అదంతా విన్నాక కూడా ఆవిడ నేనే కావాలంటే అప్పుడు అవునంటాను. లేకపోతే లేదు."

"చేస్తాను."

"ఆదివారం లోపల."

"చేస్తానన్నాగా."

ఐస్‌క్రీమ్ కరిగి కప్పులో పాలైపోయింది. మారెన్ దాన్ని కిటికీలోంచి గడ్డిలో పారబోసింది.

*

ఆ వారమంతా కర్ట్ ఫోన్ తీసి, పేరు దాకా వెళ్ళి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

సాకులు వెతుక్కోనక్కర్లేదు, వాటంతట అవే వచ్చాయి. ట్రాస్క్‌కి నిజం చెబితే తన మాట విలువ పోతుంది. పోయేది తనొక్కడికే కాదు, వెనకాల వచ్చే పిల్లలందరికీ. పైగా ఇప్పుడు చెప్పినా జోసీకి వస్తుందని ఏముంది? కోపంతో ట్రాస్క్ ఇద్దర్నీ వదిలేసి ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లని తీసుకోవచ్చు. అప్పుడు ఎవరికేం మిగిలినట్టు?

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. మారెన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చేశావా?"

జులైలో ఒక మాట మింగితే సరిపోయింది. ఈసారి మాట చెప్పాల్సి వచ్చింది.

"చేశాను," అన్నాడు కర్ట్.

"ఏమంది?"

"అంతా విన్నది. మొదట్లో కాస్త కోప్పడింది. తన నిర్ణయం మాత్రం మారదంది."

"నిజంగా?"

"నిజంగా."

"అంటే జోసీ బాగానే ఉందని తెలిశాక కూడా… నన్నేనా?"

"నిన్నే."

ఆమె మొహం మెల్లగా విప్పారింది. ఏ పోటీలో గెలిచినా అతను ఆ మొహం చూడలేదు. ఎవరో తనని నిజంగా ఎంచుకున్నారని నమ్మిన మొహం అది. అతని చేతులకి సబ్బు నురగ ఉందని కూడా చూడకుండా వచ్చి అతన్ని వాటేసుకుంది. తర్వాతి రోజుల్లో కర్ట్‌కి దేనికంటే ఎక్కువగా గుర్తొచ్చింది ఆ క్షణమే.

ఆ సాయంత్రమే ఆమె ట్రాస్క్‌కి ఫోన్ చేసి అవునంది.

మర్నాడు క్లబ్బు ఆనవాయితీ జరిగింది. ఎవరికైనా కాలేజీ ఖాయమైతే మిగతా పిల్లలందరూ కలిసి వాళ్ళని బట్టలతో సహా కొలనులోకి విసిరేస్తారు. తర్వాత డోనట్లు తింటారు. మారెన్ కాళ్ళు పట్టుకున్నది జోసీ.

"బూట్లు తియ్యనివ్వవే, కొత్తవి," అని మారెన్ గింజుకుంటోంది.

"హార్విక్ వాళ్ళు కొనిపెడతార్లే మహారాణిగారికి," అంది జోసీ. "ఊ, ఒకటి, రెండు…"

పెద్దగా చప్పుడు. నీళ్ళు గట్టు దాటి వచ్చాయి. మారెన్ పైకి తేలి, దగ్గి, జోసీ చీలమండ దొరకబుచ్చుకుని ఆమెనీ లాగేసింది. ఇద్దరూ నీళ్ళలో ఒకరినొకరు ముంచుకుంటూ అరుస్తుంటే కర్ట్ డోనట్ల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

జోసీ తల్లి లోరేన్ అతని పక్కకి వచ్చింది. పాఠశాల బస్సు నడిపి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా ఆ పచ్చ కోటుతోనే ఉంది.

"మీకో మాట చెప్పాలి కోచ్ గారూ. మీరు వేరే కాలేజీలకి కూడా ఫోన్లు చేశారట, జోసీ చెప్పింది. సొంత పిల్ల పని పెట్టుకుని కూడా మా అమ్మాయి కోసం తిరిగారు. అందరూ అలా చేయరు."

"దానిదేముంది లోరేన్."

"లేదు లేదు. నాకు ఈ కాలేజీల గొడవ తెలియదు. ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పాలో అని భయపడుతూ కూర్చున్నాను. ఎవరూ చేయలేదనుకోండి." నవ్వింది. "మంచిదే అయింది. నాకు మాట్లాడ్డం రాదు."

కర్ట్ ఆమెకి ఒక డోనట్ ఇచ్చాడు. ఇంకేం చేయాలో తోచలేదు.

*

హార్విక్‌కి జోసీ మామూలుగానే దరఖాస్తు పెట్టింది. వెనక కోచ్ అండ లేదు కనక సీటు రాలేదు. రాష్ట్ర యూనివర్సిటీలో చేరతానంది. అక్కడ ఈత జట్టు ఉందా అని ఎవరో అడిగితే, "ఉంటే ఉండనీ, ఇక చాలు నాకు," అంది.

మార్చిలో ప్రాంతీయ పోటీలు. ఇదే చివరిదని జోసీ అందరికీ ముందే చెప్పేసింది. వెల్లకిల ఈత ఆఖరి పోటీలో ఆమె నాలుగో లేన్, మారెన్ ఐదు.

ఈలలు మోగాయి. మొదటి మలుపు దగ్గరే కర్ట్ చేతిలోని గడియారం చూడ్డం మానేశాడు. జోసీ తడబడలేదు. ఊపిరి మరిచిపోలేదు. ఎవరి కోసమూ కాకుండా, ఎవరికీ చూపించనక్కర్లేకుండా ఈదుతోంది. రెండో మలుపుకి మారెన్‌ని దాటింది. ఆఖరి చుట్టులో ఆమెకీ మిగతావాళ్ళకీ మధ్య ఖాళీ నీళ్ళే కనిపించాయి. ఆమె గోడ ముట్టుకుని తిరిగి చూసేసరికి మిగతావాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు.

జనం లేచి నిలబడి అరుస్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి హార్విక్ కోటు వేసుకున్న ఒక మనిషి మెట్లు దిగి వస్తోంది. మారెన్ ఈత చూడ్డానికి వచ్చిన హెలెన్ ట్రాస్క్.

"ఆ భుజాన్ని బాగుచేసిన డాక్టరెవరు కర్ట్?" అంది. మొహంలో నవ్వు లేదు. "మా పిల్లల్నీ పంపుతాను."

మారెన్ అప్పుడే తువ్వాలు చుట్టుకుని వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఇంకా రొప్పుతోంది.

"బాగుచేయడానికేమీ లేదు," అన్నాడు కర్ట్. "ఎప్పుడూ బాగానే ఉంది."

"సెప్టెంబరులో నాన్న మీకు ఫోన్ చేసి చెప్పింది అదే కదా," అంది మారెన్.

ట్రాస్క్ మారెన్‌ని చూసింది. తర్వాత కర్ట్‌ని చూసింది. ఎంతో ఇష్టంలేని పని చేస్తున్నట్టు మెల్లగా అంది.

"సెప్టెంబరులో మీ నాన్న నాకు ఫోన్ చేయలేదమ్మా."

తర్వాతి పోటీకి ఈల వేశారు. మారెన్ కదల్లేదు. జుట్టులోంచి కారుతున్న నీళ్ళని తుడుచుకోలేదు.

"నన్నేనా అని అడిగాను నిన్ను," అంది తండ్రితో. "వంటింట్లో."

అంతే అంది. తిరిగి, బట్టలు మార్చుకునే గది వైపు నడిచి వెళ్ళిపోయింది.

ట్రాస్క్ ఆమె వెళ్ళేదాకా ఆగింది. "నేను జోసీని తీసుకుని ఉండేదాన్ని."

"తెలుసు."

"తెలిసే అన్నావు. నాకు మింగుడుపడనిది అదే."

"ఇప్పుడేమైనా చేయడానికి…"

"ఏముంది చేయడానికి. చోట్లు నిండి ఎన్నాళ్ళయింది." కోటు గుండీ పెట్టుకుంది. "మీ అమ్మాయిని నేను బాగానే చూసుకుంటాను. ఇందులో తన తప్పేం లేదు. నువ్వు మాత్రం ఇకమీదట ఏ పిల్ల గురించీ నాకు చెప్పకు. నేను నిన్ను అడగను."

ట్రాస్క్ ఎవరికీ చెప్పి ఉండదు. ఆ రకం మనిషి కాదు. అయినా ఆ వసంతంలో గాజు గదిలోని ఫోన్ తక్కువగా మోగింది. మోగినా అవతలివాళ్ళు ఊరూ వాతావరణం మాట్లాడి, పిల్లల తల్లిదండ్రుల నంబర్లు అడిగి పెట్టేసేవారు.

*

స్కూలు అయిపోగానే మారెన్ వేసవికి తల్లి దగ్గరికి పోర్ట్‌లండ్ వెళ్ళిపోయింది. అక్కడి నుంచే హార్విక్ వెళుతుందట. వెళ్ళే ముందు రోజు జోసీ ఇంటికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో కర్ట్‌తో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

జూన్‌లో జోసీ చిన్నపిల్లలకి ఈత నేర్పే పనిలో చేరింది. ఏటా చేసే పనే. లోతులేని వైపు నిలబడి, ఒక్కొక్కరి వీపు కింద అరచెయ్యి పెట్టి తేలడం నేర్పేది. కర్ట్‌తో పనికి కావాల్సినంతే మాట్లాడేది. ఆమె అరుస్తుందని అతను రోజూ ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

ఒక ఉదయం ఆఫీసు తలుపు దగ్గరికి వచ్చింది.

"చిన్న టోపీలు అయిపోయాయి కోచ్."

"ఆ అరలో ఉన్నాయి."

టోపీలు తీసుకుంది గానీ వెళ్ళలేదు.

"మారెన్ చెప్పింది."

"తెలుసు."

"తన మీద నాకేం కోపం లేదు. తనకీ అన్యాయమే జరిగింది." టోపీల కట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ట్రాస్క్ ఫోన్ చేసినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఈ కుర్చీలో."

"నేను?"

కర్ట్ గాజులోంచి కొలను వైపు చూశాడు. "నాలుగో లేన్‌లో."

"నీళ్ళలోనా?"

"అవును."

"నన్ను చూస్తూనే ఆ మాటన్నారా?"

"చూస్తూనే అన్నాను."

జోసీ తల ఊపింది. చాలా రోజులుగా దొరకని వస్తువు ఎక్కడ పెట్టారో తెలిసినట్టు. "నేను మీకు సెల్యూట్ కొట్టింది ఆ రోజేనా?"

కర్ట్ మేజా మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "యూనివర్సిటీలో జట్టు ఉంది జోసీ. అక్కడి కోచ్ నాకు తెలుసు. కావాలంటే నేను మాట్లాడతాను."

"వద్దు," అంది జోసీ. గొంతు పెంచలేదు. "నా గురించి మీరు మాట్లాడొద్దు."

బయట పిల్లలు ఆమె పేరు పెట్టి పిలుస్తున్నారు. వస్తున్నానని చెయ్యి ఊపింది. గుమ్మం దాటబోయి ఆగింది.

"ఆ రోజు ఎలా ఈదుతున్నాను?"

అన్ని ప్రశ్నలకీ సిద్ధపడ్డాడు గానీ దీనికి కాదు. అతనికి ఆ ఉదయం ఉన్నదున్నట్టు గుర్తుంది. చేతులు ఎలా పైకి లేచాయో, నీళ్ళని ఎలా పట్టుకున్నాయో, తల ఎంత నిశ్చలంగా ఉందో.

"బాగా," అన్నాడు. "చాలా బాగా."

"ఆ మాటే అనాల్సింది కోచ్," అంది జోసీ. "ఆవిడ అడిగింది అదే కదా."

తలుపు వెనకాల నెమ్మదిగా మూసుకుంది. గాజుకి అవతల ఆమె లోతులేని వైపు దిగి, ఒక్కొక్క చిన్న తలకీ టోపీ తొడిగింది. తర్వాత ఒక పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచెయ్యి ఉంచి, ఏదో చెప్పి నవ్వించింది. ఆ పిల్ల తేలగానే చెయ్యి మెల్లగా తీసేసింది.

ఫోన్ మోగింది. కర్ట్ తెర మీద పేరు చూడలేదు. అతను నీళ్ళ వైపే చూస్తూ ఉన్నాడు.